ఫెయిలైన బిడ్డ మళ్లీ చదువుతానంటే

(మన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్లే రాయించి, అక్కడక్కడ సరిచేశాను.)

చదువు మీద మాట్లాడమని సమాఖ్యవాళ్లు ఫోను చేస్తే, ‘నేను ఎనిమిదో తరగతి అప్పా, ప్రొఫెసర్లు ఎవరూ దొరకలేదా?’ అన్నాను. ‘చదివినవాళ్లు ఏటా మాట్లాడుతూనే ఉన్నారు, ఈసారి చదువు ఆగిపోయినవాళ్ల సంగతి తెలిసినవాళ్లు కావాలి’ అన్నారు. అదైతే నాకు తెలుసు. సంఘం సెక్రెటరీ దగ్గరికి వచ్చే కాగితాల్లో సగం నూలు, మజూరి, రిబేటు గురించి. మిగతా సగం పిల్లల గురించి. నేతపని కుటుంబమని సర్టిఫికెట్టు కావాలంటారు, ఫీజుకు అడ్వాన్సు కావాలంటారు. కొన్నాళ్లకు అదే ఇంటివాళ్లు వచ్చి ‘పిల్లవాడి పేరుతో ఇంకో మగ్గానికి పడుగు ఇవ్వండి’ అంటారు. ఏం జరిగిందని నేను అడగను. ఫెయిలయ్యాడు.

వేరే పనులు చేసుకునే ఇళ్లలో పిల్లవాడు ఫెయిలైతే వాడికి పని వెతకాలి. అంగట్లో పెట్టాలి, ఎవరినో బతిమాలాలి. ఆ వెతికే నాలుగు నెలల్లో ఇంట్లో చదువు మాట మళ్లీ ఒకసారి వస్తుంది. మన ఇంట్లో మగ్గం నట్టింట్లోనే ఉంటుంది. రిజల్టు పొద్దున వస్తే మధ్యాహ్నానికి వాడు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. మగ్గం ఎవరినీ మార్కులు అడగదు. ఏడుస్తున్న బిడ్డ చేతిలో పనుంటే మనసు కుదుటపడుతుందని తల్లి కూడా అనుకుంటుంది. ఆ రోజుకు అది మంచిదే. కానీ ఆరు నెలలు తిరిగేసరికి వాడి మజూరి ఇంటి లెక్కలో కలిసిపోతుంది. ఆ డబ్బు చూసుకుని చీటీ వేస్తాం, అక్క పెళ్లి అప్పుకు వాయిదా ఒప్పుకుంటాం. ఇక ఆ తర్వాత వాడు పుస్తకం తీస్తే ఇంట్లో డబ్బు తగ్గుతుంది. ఎంత తగ్గిందో మజూరి పంచే రోజు అందరికీ కనబడుతుంది. బుర్ర లేక చదవలేదని మనం అనుకుంటాం గానీ, మన పిల్లలను ఆపేది ఎక్కువగా ఈ లెక్కే.

కాబట్టి లెక్కే వేద్దాం, నాకు వచ్చింది అదొక్కటే. ఒక చీరకు నాలుగు రోజులు, మజూరి 2,000 అనుకుందాం. మీ మీ ఊళ్లలో ఎక్కువో తక్కువో ఉంటుంది. రోజుకు 500. పది గంటలు కూర్చుంటే గంటకు 50. రోజుకు రెండు గంటలు పుస్తకానికి పోతే 100 రూపాయలు. ఏడాదిలో 250 రోజులు మగ్గం ఆడుతుందంటే 25,000 రూపాయలు. ఓపెన్ స్కూలు ఫీజు ఇందులో ఒక మూల. అసలు ఫీజు ఈ 25,000. చదువు ఉచితమని మైకులో చెప్పి వెళ్లిపోయేవాళ్ల మాట నమ్మకండి. 2019-20 చేనేత సెన్సస్ ప్రకారం దేశంలో నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల మందికి నెల రాబడి 5,000 లోపే. అలాంటి ఇంట్లో 25,000 అడుగుతున్నామని తెలిసే అడగాలి. అత్త ఒప్పుకోలేదు, మామ ఒప్పుకోలేదు అని కోడలు ఏడిస్తే, వాళ్లు చెడ్డవాళ్లని నేను అనలేను. వాళ్లు లెక్క చూసినవాళ్లు. లెక్కతోనే వాళ్లకు జవాబు చెప్పాలి.

మా సంఘంలో ఒక సభ్యుడి కోడలు ఉంది. పేరు చెప్పను, ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది. పదో తరగతిలో లెక్కలు పోయాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పొద్దున బడికి పోయే ముందు తల్లికి కండెలు చుట్టి ఇవ్వాలి. ఆ కండెల పని చేసిన పిల్లలే ఇక్కడ సగం మంది, నేను చెప్పేదేముంది. మళ్లీ రాస్తానంది, ఈలోపు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ముప్పై ఒకటో ఏట నా దగ్గరికి వచ్చి ‘మామా, పదోది రాయాలంటే ఏం చేయాలి’ అని అడిగింది. గొంతు తగ్గించి అడిగింది, అక్కడ నూలు తూస్తున్నవాళ్లకు వినబడకూడదని.

నాకు నవ్వొచ్చింది, ఆ పిల్ల అడిగినందుకు కాదు. లెక్కలు ఫెయిలైన ఆ అమ్మాయి దగ్గరికే మా వీధంతా లెక్క వేయించుకోవడానికి పోతుంది. 40 నంబరు నూలు అంటే పౌనుకు 40 చిలపలు, చిలపకు 840 గజాలు. ఇన్ని పోగులు, ఇంత పొడవు పడుగుకు (మా పక్క పావు అంటాం) ఎన్ని పౌన్లు కావాలి, వేస్టు ఎంత పోతుంది, పేకకు ఎంత మిగలాలి. ఇదంతా కాగితం లేకుండా నోటితో చెప్పేస్తుంది. ఆ బిడ్డకు లెక్కలు రావని మార్కుల షీటు చెప్పింది, పదిహేనేళ్లు ఇంట్లో అందరూ అదే చెప్పారు, చివరికి తనూ అదే చెప్పుకుంటోంది.

అప్పుడు దారులు ఏమున్నాయో చూశాం. తమిళనాడులో అయితే ప్రభుత్వ బోర్డు పదో తరగతి పరీక్షే ప్రైవేటుగా రాయవచ్చు. సైన్సు ప్రాక్టికల్ తరగతులకు ముందే పేరు నమోదు చేసుకోవాలి, దాన్ని మరిచిపోయి పరీక్ష నెలలో పరుగెత్తేవాళ్లను చూశాను. రెండోది, కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న జాతీయ ఓపెన్ స్కూలు, ఎన్.ఐ.ఓ.ఎస్. అంటారు. 1979లో సీబీఎస్ఈ ఒక ప్రాజెక్టుగా మొదలుపెట్టింది, 1989లో విడి సంస్థ అయింది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు, పై వయసుకు హద్దు లేదు. మన పక్క ఇళ్లకు ఇది ఎందుకు సరిపోతుందంటే, ఒకసారి పేరు కడితే ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో పరీక్షకు తొమ్మిది అవకాశాలు. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు. ఒక్కోసారి ఒక్కటి రాసుకుంటూ పోవచ్చు. పాత బోర్డులో పాసైన సబ్జెక్టులు ఉంటే, నిబంధనలకు సరిపోతే రెండింటి వరకు ఇక్కడికి కలుపుకుంటారు. ఎనిమిది కూడా చదవనివాళ్లకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లు కూడా అక్కడే ఉన్నాయి.

ఇంకో మాట. ఎన్.ఐ.ఓ.ఎస్.లో లెక్కలు తీసుకోకుండానే పదోది పాసవ్వవచ్చు. భాషతో పాటు మనకు నచ్చిన సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. దారి చూపించేవాళ్లు వెంటనే ఇదే చెప్తారు, ‘లెక్కలు వదిలెయ్యమ్మా, హోం సైన్సు తీసుకో’ అని. సర్టిఫికెట్టు ఒక్కటే చాలంటే సరే. కానీ రేపు చేనేత డిప్లొమాకో, పాలిటెక్నిక్‌కో పోవాలంటే పదో తరగతిలో లెక్కలు, సైన్సు ఉన్నాయా అని చూస్తారు. కాబట్టి ముందు ఎక్కడికి పోవాలో అనుకుని తర్వాత సబ్జెక్టు వదలాలి. ఈ కోడలు వదలనంది. ‘వేరేవి పాసై ఏం చేయను మామా, నన్ను ఫెయిల్ చేసింది అదే కదా’ అంది. మొండిది. మొదటిసారి లెక్కలు మళ్లీ పోయాయి. రెండోసారీ పోయాయి. మూడోసారి పాసైంది. అంతవరకు పుస్తకం నూలు సంచిలో పెట్టుకుని తిరిగింది, వీధిలో ఎవరికీ తెలియకుండా. మొదటి రెండుసార్లు పోయినట్లు కూడా ఎవరికీ తెలియదు. అందుకే మూడోసారి రాయగలిగిందని నాకనిపిస్తుంది. మన వీధుల్లో ఓదార్చడానికి వచ్చేవాళ్లే సగం చంపేస్తారు.

పరీక్ష ఎప్పుడు రాయాలన్నది నేతింటికి చాలా పెద్ద విషయం, పుస్తకాల్లో ఎవరూ రాయరు. ఓపెన్ స్కూలు పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకటి, అక్టోబరు-నవంబరులో ఒకటి. మనకు దీపావళి ముందు మూడు నెలలు మగ్గం దిగే సమయం ఉండదు. వ్యాపారి గానీ సంఘం గానీ సరుకు తొందర పెడతాయి, ఏడాదికంతా డబ్బు కనబడేది అప్పుడే. ఆ నెలల్లో ఇంట్లో ఒకరు పరీక్ష అంటే గొడవే. కాబట్టి అక్టోబరు పరీక్ష వదిలేయండి, ఏప్రిల్‌కు కట్టండి. కోడలు మొదటిసారి రాసింది అక్టోబరులోనే, అదొక కారణం. కార్తె వానలకు గుంట మగ్గం చెమ్మగిల్లి పని నిలిచే రోజులు మా పక్క నవంబరు, డిసెంబరులో వస్తాయి. ఒక పడుగు అయిపోయి ఇంకో పడుగు అందేలోపు ఖాళీ రోజులు ఉంటాయి. పోగులు అతికేవాళ్లు దొరక్క ఇంకో రెండు రోజులు పోతాయి. ఇవన్నీ మనం కూలి పోయిందని ఏడ్చే రోజులు. చదివేవాళ్లకు ఇవి చదువు రోజులు. ఇందాక చెప్పిన 25,000లో కొంత ఇక్కడే తగ్గుతుంది. ఆ అత్తగారికి నేను ఈ లెక్కే చెప్పాను. మగ్గం ఆడే రోజు గంట, ఆడని రోజు ఆరు గంటలు. ఆవిడ ఒప్పుకుంది. ‘రాత్రి దీపం పెట్టుకుని చదివితే మాత్రం ఊరుకోను, కళ్లు పోతే జరీ పోగు ఎవరు చూస్తారు’ అంది. అది న్యాయమే.

ఆ తర్వాత ప్లస్ టూ కూడా అట్లనే రాసింది, ఇప్పుడు దూరవిద్యలో బీ.ఏ. రెండో ఏడు. వయసు ముప్పై ఎనిమిది.

ఇక కాలేజీలో దెబ్బతిన్నవాళ్లు. పదోది ఫెయిలైనవాడి కంటే వీళ్లది ఇంకా కష్టం. ఫెయిలైనవాడికి పోయింది ఒక పరీక్ష. వీళ్లకు పోయింది ఇంటిల్లిపాది పెట్టుకున్న ఆశ. తమిళనాడులో ఇంజినీరింగు కాలేజీలు ఊరికొకటి లేచిన కాలంలో మన పిల్లలు చాలామంది చేరారు. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేటు అని ఫీజులో రాయితీ కూడా వచ్చింది. ప్లస్ టూ వరకు తమిళ మీడియం, ఒక్కసారిగా అన్నీ ఇంగ్లీషు. మొదటి సెమిస్టరులో మూడు అరియర్లు, తర్వాత ఐదు. మా సంఘంలో ఒకతను మూడో ఏడాదికి పద్నాలుగు పేపర్లు మిగుల్చుకుని ఇంటికి వచ్చేశాడు. బంగారం కుదవ పెట్టి చదివించిన తండ్రి రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు. తిరుప్పూరు బనియన్ కంపెనీకి పోయి, అక్కడ నుంచి తిరిగొచ్చి, మా సంఘం గోడౌనులో చేరాడు.

వాడు మళ్లీ చదువుతానన్నప్పుడు మొదటి అడ్డం పుస్తకం కాదు, ప్లస్ టూ మార్కుల షీటు. కాలేజీలో ఒరిజినల్ ఇచ్చి చేరాడు. మిగిలిన ఫీజు కడితేనే ఇస్తామన్నారు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషను ఇచ్చింది. ఆ మాట రాసి, సోమవారం కలెక్టరు గ్రీవెన్సు రోజున అర్జీ పెట్టించాను, రెండుసార్లు తిరిగాక చేతికొచ్చింది. మీలో ఎవరి పిల్లల సర్టిఫికెట్లైనా ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే వదలకండి. ఫీజు బాకీ వేరు, సర్టిఫికెట్టు వేరు.

అతను ఇంజినీరింగుకే తిరిగి పోవాలని అందరూ అన్నారు. ‘పద్నాలుగు పేపర్లే కదా, మూడేళ్లు వేస్టు చేసుకుంటావా’ అని. నేను అడ్డం చెప్పాను. ఎక్కడ జారిపడ్డామో అక్కడే మళ్లీ ఎక్కాలనే పట్టుదల అందరికీ అక్కర్లేదు. వాడు గోడౌనులో ఉంటూ బిల్లులు, స్టాకు, జీఎస్టీ అంతా చూసేవాడు. దానికి దగ్గరున్న చదువు బీ.కాం. ఇరవై ఏడో ఏట ఇగ్నోలో చేరాడు. అక్కడ మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు పూర్తి చేసుకోవచ్చు. అసైన్‌మెంట్లు రాసి పంపాలి, వాటికి నూటికి 30, పరీక్షకు 70. పరీక్షలు జూన్, డిసెంబరు. రెండూ మన పండగ సరుకు తొందరలో పడవు, చూసుకోండి. కాలేజీలో పారిపోయినవాడికి అసైన్‌మెంటు అన్నది మంచి మందు. మూడు గంటల పరీక్ష అంటే చేతులు వణికేవాడు ఇంట్లో కూర్చుని పది పేజీలు రాయగలడు. మొదటి ఏడాది సగం పేపర్లే పాసయ్యాడు. ఐదేళ్లు పట్టింది.

చివరికి ఏం వచ్చిందని అడుగుతారు. జీతం పెద్దగా పెరగలేదు, సంఘం దగ్గర ఉంటే కదా పెంచడానికి. కానీ ఆడిటరు దగ్గరికి ఇప్పుడు నేను పోవడం మానేశాను, అతనే పోతాడు. తండ్రి కాన్వొకేషను ఫోటో ఫ్రేము కట్టించి మగ్గం ఎదురుగా తగిలించాడు. నాతో మాత్రం ‘ఏదో రాశాడులే’ అంటాడు.

అందరూ పూర్తి చేస్తారని చెప్పను. ఒకతను ప్లస్ టూకు రెండుసార్లు పేరు కట్టాడు. భార్యకు ఆరోగ్యం చెడింది, ఆస్పత్రి, మగ్గం, ఆస్పత్రి. ఐదేళ్ల గడువు పోయింది. పాసైన మూడు సబ్జెక్టుల కాగితం ఇంట్లో ఉంది. మళ్లీ మొదటి నుంచి అనే ఓపిక లేదన్నాడు. అతన్ని నేను బలవంతం చేయలేదు.

‘ఆరో తరగతి చదివిన మల్లేశం గారికి పద్మశ్రీ రాలేదా, చదువెందుకు’ అని ఒకరిద్దరు అడుగుతుంటారు. చింతకింది మల్లేశం గారు మన పద్మశాలి బిడ్డ, తెలంగాణ ఆలేరు పక్క. తల్లి రోజంతా చెయ్యి తిప్పి ఆసు పోయలేక భుజం నొప్పితో పడే బాధ చూసి ఆసు మిషను చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతులెత్తి దండం పెడతాను. కానీ అంతటివాడిని చూపించి పక్కింటి పిల్లను బడి మాన్పించడం ఏం న్యాయం? ఆయన మిషను చేయడానికి ఏళ్లు పట్టింది, ఎగతాళి పడ్డాడు, అప్పులు పడ్డాడు. చదువు లేకుండానే అంత దూరం నడవగలవాళ్లు ఎంతమంది ఉంటారు మనలో? మిగతావాళ్లకు మెట్లు కావాలి.

ఉదాహరణ కావాలంటే తమిళనాడులో ఇంకొకరు ఉన్నారు. అన్నాదురై గారు. మన భాషవారు కారు, మన వృత్తి ఇంట్లోవారు. 1909లో కాంచీపురంలో నేత కుటుంబంలో పుట్టారు. ఇంటి ఇబ్బందికి బడి మాని మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశారు. తర్వాత తిరిగి చదువులోకి వచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో 1934లో డిగ్రీ పుచ్చుకున్నారు. 1967లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన విగ్రహం లేని ఊరు మా రాష్ట్రంలో లేదు. ఆ విగ్రహాల కింద నిలబడి మాట్లాడే పెద్దలెవరూ ఆయన ఒకసారి బడి మానినవాడని మాత్రం చెప్పరు.

ఇప్పుడొక హెచ్చరిక. ఇది తమిళనాడువాళ్లు జాగ్రత్తగా వినాలి. ప్లస్ టూ లేకుండా ప్రిపరేటరీ కోర్సు చేసి నేరుగా డిగ్రీలో చేరే దారి కొన్ని ఓపెన్ యూనివర్సిటీల్లో ఉంది. జ్ఞానం కోసం అయితే మంచిదే. కానీ 2009 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం జీ.ఓ. 107 ఇచ్చింది. పది, ప్లస్ టూ పాసై ఆ తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో చేసిన డిగ్రీకే ప్రభుత్వ ఉద్యోగానికి గుర్తింపు అని దాని సారాంశం. ఇది తెలియక ముందు డిగ్రీ చేసి, ఉద్యోగం తలుపు దాకా పోయి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. ఒకామెకు నలభై ఏళ్లు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఇప్పుడు ప్లస్ టూ రాస్తోంది. కాబట్టి పది, పన్నెండు, డిగ్రీ, ఈ వరుస తప్పకండి. రెండేళ్లు ఎక్కువైనా ఫరవాలేదు. ‘ఒక్క ఏడాదిలో డిగ్రీ, పాత తేదీ వేసి ఇస్తాం’ అని బస్టాండు పక్కన మేడ మీద బోర్డు పెట్టినవాళ్ల దగ్గరికి అసలు పోకండి. చేరే ముందు ఆ కోర్సుకు ఆ ఏడాది యూజీసీ దూరవిద్య విభాగం అనుమతి ఉందా అని చూడాలి. ఆ జాబితా నెట్‌లో ఉంటుంది, మీ పిల్లలే తీసి చూపిస్తారు.

మిగతా రాష్ట్రాలవాళ్లకు క్లుప్తంగా. మహారాష్ట్రలో నాసిక్‌లోని యశ్వంతరావు చవాన్ ఓపెన్ యూనివర్సిటీ మరాఠీలోనే చదువు చెప్తుంది, షోలాపూర్ పిల్లలకు అది సులువు. కర్ణాటకకు మైసూరులో, ఒడిశాకు సంబల్‌పూర్‌లో, తమిళనాడుకు చెన్నైలో ఓపెన్ యూనివర్సిటీలు ఉన్నాయి. దేశంలో మొదటిది మన తెలుగు నేల మీదే, 1982లో హైదరాబాదులో పుట్టింది, ఇప్పుడు అంబేద్కర్ గారి పేరుతో ఉంది. ఓపెన్ స్కూలు పదో తరగతి తెలుగులో కూడా రాయవచ్చు. అయితే నా సలహా, అభిమానం కోసం భాష మార్చకండి. బడిలో ఏ భాషలో చదివారో ఆ భాషలోనే రాయండి. పాఠం ఒక కష్టం, అక్షరం ఇంకో కష్టం, రెండూ ఒకేసారి వద్దు. తెలుగు ఇంట్లో బతుకుతుంది, సాయంత్రం పిల్లలతో మాట్లాడితే చాలు.

చేనేతవాళ్లకంటూ ఒక ఏర్పాటు కూడా ఉంది. 2016 ఆగస్టు 7న, చేనేత దినం రోజున, కేంద్ర జౌళి శాఖ ఇగ్నోతో, ఎన్.ఐ.ఓ.ఎస్.తో ఒప్పందాలు చేసుకుంది. నేత కుటుంబాల్లో ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఫీజులో 75 శాతం శాఖ భరిస్తుందని అందులో ఉంది. ఆడవాళ్లకు అని విన్నారు కదా. చేనేత పనివాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లే. ఫీజు కట్టేముందే మీ దగ్గరి వీవర్స్ సర్వీస్ సెంటరులో అడగండి, కట్టిన తర్వాత కాదు. నేతకార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు భర్త పేరుతో మాత్రమే ఉన్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. కండెలు చుట్టినా, అచ్చు అతికినా, ఆమె కూడా పనిమనిషే, ఆమె పేరుతో కార్డు తీయండి.

పేరంటే గుర్తొచ్చింది. అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేసేది ఈ పేరు గొడవే. మా పక్క బడిలో ఇంటిపేరు రాయరు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెడతారు. రేషను కార్డులో ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో పెళ్లయ్యాక భర్త పేరు చేరుతుంది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. చేరేముందే బడి సర్టిఫికెట్టులో ఎట్ల ఉందో ఆధార్ అట్ల మార్పించుకోండి, బడి కాగితం మార్చడం కంటే అది సులువు. మార్కుల షీటు చెదలు తినేసి ఉంటే డూప్లికేటుకు బడి హెడ్మాస్టరు ద్వారా దరఖాస్తు చేయాలి, నెలలు పడుతుంది. కాబట్టి అది మొదట మొదలుపెట్టండి.

నా సంగతి అడిగారు ఇందాక ఒక తమ్ముడు. నేను ఎనిమిదోదితో ఆగినప్పుడు మా నాయనకు ఉబ్బసం, ఇంట్లో మగ్గం ఎక్కేవాళ్లు ఇంకెవరూ లేరు. ఇగ్నో పుట్టిందే 1985లో. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. అట్లాంటిదొకటి ఉందని సేలంలో మా వీధికి తెలిసేసరికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఇప్పుడున్నవాళ్లకు ఆ వార్త చేరవేయడం నా పని.

సంఘాలుగా మనం చేయగలిగింది ఒకటి ఉంది. మా బోర్డులో రెండేళ్ల కింద తీర్మానం చేశాం. సభ్యుడి ఇంట్లో ఎవరైనా పరీక్ష రాస్తుంటే, హాల్ టికెట్టు చూపిస్తే, ఆ నెల సరుకు ఆలస్యానికి కోత లేదు. పరీక్ష ఫీజుకు అడ్వాన్సు, నాలుగు మజూరీల్లో తిరిగి పట్టుకుంటాం. సంఘం పాత నూలు గది ఖాళీ చేసి రెండు ట్యూబులైట్లు, ఒక బల్ల వేశాం. ఇంట్లో మగ్గాల చప్పుడులో చదవలేనివాళ్లు అక్కడికి వస్తారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఖర్చు పెద్దగా లేదు. బోర్డులో ఒకరు ‘హాల్ టికెట్టు చూపించి పరీక్షకు పోకపోతే’ అన్నారు. పోకపోతే పోనీ, ఒక చీర నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతకంటే ఎక్కువ ఆలస్యాలు మనకు కో-ఆప్టెక్స్ చెల్లింపుల్లోనే అలవాటు. (నవ్వులు.) ఆ తీర్మానం ప్రతి ఇక్కడ నా దగ్గర ఉంది. మిగతా సంఘాల సెక్రెటరీలు ఎవరికి కావాలన్నా తీసుకోండి, మీ ఊరికి తగినట్లు మార్చుకోండి.

భోజనాల తర్వాత వంటపాక పక్కన బల్ల వేసి నేనూ, బీ.కాం. చేసిన ఆ అబ్బాయీ కూర్చుంటాం. ఆడవాళ్లతో మాట్లాడడానికి ఆ కోడలు కూడా వస్తానంది. ఈసారి గొంతు తగ్గించకుండానే చెప్పింది. ఆధార్, బడి సర్టిఫికెట్టు, ఉంటే మార్కుల షీటు తెచ్చుకోండి. లేనివాళ్లు ఏ బడి, ఏ ఏడాది అన్నది గుర్తు తెచ్చుకుని రండి, డూప్లికేటు దరఖాస్తు అక్కడే రాసిస్తాం. ఐదింటికి మా బస్సు, ఆలోపు రండి.